విమానానికి తండేలు

మా అక్క మూటలన్నీ కట్టి గుమ్మంలో పెట్టాక, మా బావ విమానం ఎక్కనన్నాడు.

పోర్ట్‌బ్లెయిర్‌లో వాళ్లమ్మాయికి తొలి కాన్పు. అండమాన్‌లో చుట్టాలు లేని ఇల్లు మా కళింగపట్నంలో తక్కువే. వాళ్లకు విశాఖలో ఓడెక్కడం అలవాటే. ఈసారి వచ్చే ఓడకు చాలా రోజులుందని అల్లుడు విమానం టిక్కెట్లు పంపాడు.

"నువ్వెల్లు. నాను ఓడలో వస్తాను," అన్నాడు బావ.

"నొప్పులు ఓడ కోసం ఆగుతాయేటి?" అంది అక్క. "తుపాన్లో వల లాగినోడు గాల్లో కాసేపు కూకోలేడట!"

సర్దిచెప్పమని నన్ను పిలిపించింది. పత్రికలో ఉద్యోగం అయిపోయినా ఆదివారం పేజీకి రాస్తూనే ఉంటాను. ఆ వారం తొలినాటి ప్రయాణికుల విమానాల మీద రాస్తున్నాను. ఆ రోజుల్లో జనం ఎంత నాసి విమానాలు ఎక్కారో చెబితే ఈయనకు ధైర్యం వస్తుందనుకున్నాను.

"అప్పుడు కర్రతో సేసీవోరు బావా. మీద గుడ్డ బిగించి పూత పూసీవోరు. రెక్కల మధ్య తీగలు. లోపల పేము కుర్చీలు."

బావ మొహం వెలిగింది. "కర్ర, గుడ్డ, తాడు! అది పడవేరా. నడిపినోడు ఎక్కడ కూకునీవోడు?"

"కొన్నిట్లో బయటే. కప్పు లేదు. గాలీ వానా అతగాడి మొహానికే. దారి తప్పకుండా కింద రైలు పట్టాలు సూసుకుంటూ ఎల్లిపోయీవోడు."

"ఎక్కినోల్లకి కనబడతాడన్నమాట."

"కనబడతాడు."

"అయితే అది తెప్పించు. ఎక్కుతాను."

అక్క నన్ను కొట్టేలా చూసింది. "ఉన్నది ఎక్కించరా అంటే మూజియంలోది బేరమాడతన్నావేట్రా?"

అసలు సంగతి అప్పుడు బయటపడింది. బావకు ఎత్తంటే భయం లేదు. పడవ నడిపే పెద్దను మా రేవులో తండేలంటారు. తండేలు మొహం చూడందే బావ ఏనాడూ పడవలో కాలు పెట్టలేదు. రాత్రి తాగాడా, ఇంట్లో తగువాడి వచ్చాడా, మొహమే చెప్పేస్తుంది.

"తలుపేసుకుని లోపల కూకున్నోడి సేతిలో పేణం ఎలాగ ఎడతానురా?"

"ఎయిర్‌పోర్టు దాకా రా బావా. తండేలు కనబడకపోతే ఎనక్కొచ్చీ," అన్నాను.

విశాఖలో వాళ్లిద్దరినీ లోపలికి పంపి, ఆయన తిరిగొస్తే తీసుకెళ్లాలి కదా అని గేటు బయటే నిలబడ్డాను. రెండు టీలు తాగేసరికి ఫోను మోగింది.

"ఒరే, వచ్చింది."

"విమానమా?"

"తండేలు! ఆడపిల్ల. టోపీ సంకలో ఎట్టుకుని మా ముందునుంచే ఎల్లింది."

మా రేవులో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, మగవాళ్లను దులిపేస్తారు, పడవ మాత్రం నడపరు.

"మరి?"

"అద్దం కాడ ఆగి మబ్బు కేసి సూసిందిరా. కంగారు లేదు. అంతా సూసుకుని అప్పుడు కదిలింది. ఎక్కుతన్నాను. పిల్ల మొగం బాగున్నాది."

వెనకనుంచి అక్క అరుపు వినబడింది. "ఆ ఫోను కట్టీ! ఇది బస్సేటి, సెయ్యెత్తితే ఆగడానికి?"