షబానా, రోజువారీ వాన లెక్క

మా పక్కింటి షబానా వాతావరణం మీద పరిశోధన చేస్తోంది. కోరుట్ల వచ్చినప్పుడల్లా కరెంటు పోతే లాప్‌టాప్ పట్టుకుని మా వరండాలో కూర్చుంటుంది, మా ఇన్వర్టర్ కోసం. వాళ్ల యూనివర్సిటీ కంప్యూటర్‌లో నడిచే వాతావరణ మోడల్, అంటే వానల్ని లెక్కగట్టే ప్రోగ్రాం, మధ్యలో ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి మళ్లీ నడిపిస్తూ, నెల సగటుకు బదులు ఏ రోజు వానకు ఆ రోజు లెక్క విడిగా ఇచ్చేలా సెట్టింగ్ మార్చింది. ఈ ఉదయం చూస్తే మళ్లీ నెల సగటే. పసుపు ఆరబెట్టే రోజుల్లో పడే వానల మీద ఆమె థీసిస్. నెల సగటు ఆమెకు ఎందుకూ పనికిరాదు. మొదటి నుంచి నడపమని గైడ్ ఫోన్లో తేల్చేశాడు. మొత్తం మళ్లీ నడవాలంటే వారాలు పడుతుంది, అంటే థీసిస్ గడువు దాటినట్టే.

షబానా ఫోన్ పెట్టేసి, మధ్యాహ్నం దాకా మాన్యువల్ చదివింది.

"దొరికింది సార్. ఆగినకాడి నుంచి నడిపితే గా మోడల్ పాత సెట్టింగే పట్టుకుంటది. నేను కొత్తగ రాసింది సూడనే సూడదు."

"గసొంటోళ్లతోని మా కాలేజీల ఏండ్లకేండ్లు పనిచేసిన బిడ్డా. రిటైరయ్యేదాక మారరు," అన్నాను.

"నాకంత టైం లేదు సార్. ఆగినకాడి ఫైలే తీస్కొని, కొత్త పేరు మీద వేరే రన్ వెడ్త. అదైతే నా మాట ఇంటది."

విన్నది. సాయంత్రానికి రోజు లెక్కలు రావడం మొదలైంది. గైడ్‌కు పంపితే ఆయన జవాబు: "నేను చెప్పింది అదే కదా."

షబానా నవ్వి, 'థాంక్యూ సార్' అని కొట్టి, వాన లెక్కల్లో పడిపోయింది. ఆ మాట ఆమె అప్పుడే మరిచిపోయింది. నేను మరిచిపోయే రకం కాదు గనక ఇక్కడ రాసి పెడుతున్నాను. మీరైతే ఆయనకు ఏం జవాబిచ్చేవారు?