కదిరప్ప తాతకు నేను చెప్పిన రెండు నెలలు

2022 వేసవి. మాస్కులు ముఖాల మీది నుంచి గడ్డాల కిందికీ, అక్కడి నుంచి జేబుల్లోకీ దిగిపోయిన ఏడాది. బెంగళూరులోని ఒక ఆసుపత్రి వెన్నెముక విభాగం వాళ్ళు మా వైపు పెద్దవాళ్ళ మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. వయసుతో వెన్నుపూసలు అరిగి నడక పోయినవాళ్ళకు చిన్న కోతతో ఆపరేషన్ చేస్తే, ఆ తర్వాత ఎంత దూరం నడవగలుగుతారు? ఇదే వాళ్ళు తేల్చదలచుకున్న సంగతి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడుచోట్ల క్యాంపులు. నేను ఫిజియోథెరపిస్టును. వచ్చినవాళ్ళను పరీక్షించి ఫారాలు నింపడం, డాక్టరు మాట వాళ్ళకూ వాళ్ళ మాట డాక్టరుకూ అందించడం, ఆపరేషన్ అయినవాళ్ళను ఇంటికెళ్ళి చూసి రావడం నా పని. పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే, పెనుకొండ కొండ కనబడేసరికి ఆనాటి ఫారాలన్నీ సర్దుకోవడం అయిపోయేది. ఆ రైలు కిటికీ పక్క సీటు కోసం కూడా నేను బేరమాడేదాన్ని.

బేరం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాయనది హిందూపురంలో బట్టల అంగడి. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గల్లాపెట్టె వెనక గోడకు నాయన ఒక బోర్డు తగిలించాడు: "ఒకటే ధర. బేరము లేదు." దాని కిందే కూర్చుని పొద్దుగూకేదాకా బేరమాడేవాడు. వచ్చినవాళ్ళెవరూ ఆ బోర్డును నమ్మలేదు, నమ్మాలని నాయన కూడా కోరుకోలేదు. చీర మడత విప్పకముందే చెప్పాల్సిన ధరకు కొంచెం కలిపి చెప్పడం, కొనేవాళ్ళు తగ్గించడం, ఇద్దరూ తామే గెలిచామనుకుని నవ్వుతూ విడిపోవడం. నేను మూడో తరగతికి వచ్చేసరికే కొనే మనిషెవరో, పొద్దుపోక వచ్చిన మనిషెవరో నడకను బట్టి చెప్పేదాన్ని. మనుషుల నడక చూసి బతకబోతానని అప్పుడు తెలియదు.

మా పరిశోధనలో చూసే జబ్బు పేరు లంబార్ కెనాల్ స్టెనోసిస్. నడుము దగ్గర నరాలు దిగే దారి ఇరుకైపోవడం. నిలబడినా నడిచినా ఆ ఇరుకు ఇంకా బిగుసుకుని కాళ్ళు బరువెక్కుతాయి, తిమ్మిరెక్కుతాయి. కూర్చున్నా ముందుకు వంగినా నరాలకు కాస్త చోటు దొరికి నెమ్మదిస్తుంది. మా పుస్తకాల్లో దీనికి సూపర్‌మార్కెట్‌లో తోపుడుబండి మీదికి వాలి నడిచే ముసలివాళ్ళను ఉదాహరణగా చెప్తారు. ధర్మవరంలో నాకు కనబడింది వేరు. గుంత మగ్గంలో కాళ్ళు దించి, ముందుకు వంగి పొద్దంతా పట్టుచీర నేసే పెద్దాయన, టీ కొట్టు దాకా నడవలేకపోయేవాడు. మగ్గంలో కూర్చుంటే ఆయనకు ఏ జబ్బూ లేదు.

ఆపరేషన్ పేరు మినిమల్లీ ఇన్వేజివ్ డీకంప్రెషన్. వెనకటిలా వీపంతా కోయకుండా, బొటనవేలు పట్టేంత కోతలోంచి సన్నని గొట్టం దించి, నరాల మీద ఒత్తుకుంటున్న ఎముకనూ పొరనూ గీకి తీసేస్తారు. మర్నాడే లేపి నడిపిస్తారు.

ధర్మవరం క్యాంపు ఒక బడిలో జరిగింది. ఆ రోజు ముదిగుబ్బ అవతలి పల్లె నుంచి కదిరప్ప తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. భుజాన కంబళి, చేతిలో కర్ర, వెనకాలే భార్య నరసమ్మవ్వ. చిన్నప్పటి నుంచీ గొర్రెలు మేపడమే పని. కాళ్ళు మొద్దుబారుతున్నాయన్నాడు. ఫారంలో మొదటి ప్రశ్న, ఆగకుండా ఎంత దూరం నడవగలరు అని. అడిగాను.

"పొద్దున మందెమ్మడి పోతే పొద్దుగూకేదాకా నడుస్తానే ఉంటా పాపా," అన్నాడు.

బాగా నడిచేవాళ్ళను పరిశోధనలో చేర్చుకోకూడదు. వరండాలో నడిపించి చూడాలి నిజానికి. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. గొర్రెల కాపరి నడుస్తానంటే కాదనేదెవరు? "అర్హత లేదు" గడిలో టిక్కు పెట్టి, రెండు వ్యాయామాలు చెప్పి పంపేశాను.

కిటికీలోంచి చూస్తుంటే తాత గేటు వైపు పోతున్నాడు. కొంచెం దూరం పోయి వంగి, చెప్పు విడిచి, అరికాల్లో ముల్లు వెతుక్కున్నాడు. లేచి నడిచి, మళ్ళీ వంగాడు, రెండో కాల్లో ముల్లు. గేటు దగ్గర మూడోది. ఆ దారంతా సిమెంటు. అంగడిలోంచి వెళ్ళిపోతూ మూడుసార్లు ఆగే మనిషిని వదులుకుంటే నాయన చెవి మెలేసేవాడు. పరుగెత్తాను.

"సిమెంటులో ముండ్లు యాడివి తాతా?"

"కనపడవు పాపా. కుచ్చుకునేది కుచ్చుకుంటాదంతే," అన్నాడు వంగినవాడు వంగినట్టే.

నరసమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "రెండేండ్ల నుంచి అదే ముల్లు తీస్తాండాడు తల్లీ. ఇంగా రాలేదు."

నేను పెట్టిన టిక్కు కొట్టేయాలంటే డాక్టరుకు కారణం చూపించాలి. ఆ వారమే ముదిగుబ్బ బస్సెక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. చుడీదారుకు పల్లేరుకాయలు అంటించుకుంటూ ఒక పూటంతా మంద వెనక తిరిగాను. అప్పుడు అర్థమైంది. తాత అబద్ధం చెప్పలేదు. గొర్రె పది అడుగులు వేసి మేస్తుంది. అది ఆగితే కాపరి ఆగుతాడు, కర్ర మీదికి వంగుతాడు, రాయి మీద కూర్చుంటాడు. అది ఆగడమని ఏ కాపరీ అనుకోడు. అదే అతని నడక. ఆయన నడుముకు ఏమైందో గొర్రెలు ఇన్నాళ్ళూ ఆ మనిషికే తెలియకుండా దాచిపెట్టాయి. కాకపోతే గుట్ట మీది మేతకు పోవాలంటే ఒక్క ఊపున ఎక్కాలి, అక్కడ రాయీ లేదు ఆగడమూ లేదు. అందుకని రెండేళ్ళుగా మందను ఊరి పక్క బీడులోనే తిప్పుతున్నాడు. బీడులో గడ్డి అయిపోయింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి.

"గుట్టకు పోలేకుంటే మందను అమ్మాల్సిందే," అంది అవ్వ. తాత ఆ మాటకు తల తిప్పుకుని, ఒక ముసలి గొర్రె చెవిలోంచి పిడుదు తీసి రాతి మీద నలిపాడు. దాన్ని ఆయన 'ఓ పెద్దమ్మా' అని పిలిచేవాడు.

అదీ సంగతి. ఆయనకు కావాల్సింది నడక కూడా కాదు, గుట్ట. గుట్ట ఎక్కితే మంద ఉంటుంది.

టిక్కు కొట్టేసి కొత్త ఫారం రాశాను. ఎం.ఆర్.ఐ.లో ఇరుకు స్పష్టంగా కనబడింది. ఆపరేషన్‌కు ముందు మాట్లాడడానికి హిందూపురం క్యాంపుకు ఇద్దరినీ పిలిపించాం. డాక్టరుగారికి కన్నడం, ఇంగ్లీషు తప్ప రావు, వీళ్ళకు కన్నడం అర్థం కాదు. మధ్యలో నేను. కోత ఎంత, ప్రమాదాలేమిటి, అన్నీ చెప్పాక తాత ఒక్కటే అడిగాడు. "మళ్ళా మందెమ్మడి ఎన్నాళ్ళకు పోవచ్చు?"

డాక్టరుగారు ఆరు వారాలన్నారు. ఇంటి చుట్టూ నడవవచ్చు, నడవాలి కూడా. కానీ ఆరు వారాలు వంగి బరువెత్తకూడదు, గుట్టలెక్కకూడదు.

ఇక్కడ నా తెలివి గురించి కొంచెం చెప్పాలి. అంతకుముందు ఆపరేషన్ అయిన ధర్మవరం మగ్గం పెద్దాయనకు ఆరు వారాలని సరిగ్గానే చెప్పాను. ఆయన దాన్ని మూడుకు తగ్గించుకుని మగ్గంలో దిగాడు. నొప్పి తిరగబెట్టి మళ్ళీ మంచమెక్కాడు. అప్పుడే తీర్మానించుకున్నాను, మా వాళ్ళకు రోజులు కూడా చీర ధరలాగానే చెప్పాలని. కలిపి చెప్తే తగ్గించుకుంటారు, తగ్గించుకున్నాక అసలుది మిగులుతుంది. పైగా ఎదుట ఉన్నది ప్రతి వారం సంతలో గొర్రె పళ్ళు లెక్కపెట్టి బేరమాడే మనిషి.

"రెండు నెలలు తాతా," అన్నాను.

తాత తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. అవ్వ వైపు చూశాడు. బేరగాడి మౌనం నాకు తెలుసు, నేనూ మౌనంగా కూర్చున్నాను. ఇప్పుడు నెల అంటాడు, నేను నెలన్నర దగ్గర ఆగుతాను అనుకుంటున్నాను.

"సరే పాపా," అన్నాడు.

ఇంత సులువుగా ఎవరూ ఒప్పుకోలేదు నాకు. పదిహేను రోజులు ఎక్కువ విశ్రాంతి ఎవరికి చేదు అనుకుని, ఆ పూట ఇంటికి పోతూ పోతూ గోరింటాకు రంగు చీర కూడా ఒకటి కొనుక్కున్నాను, సగానికి సగం బేరమాడి.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు ఆసుపత్రి వరండాలో తాత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఆగి, తన కాళ్ళను ఎవరివో కాళ్ళను చూసినట్టు చూసుకున్నాడు. "ముల్లు వచ్చినట్టుండాది," అన్నాడు. అవ్వ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆరు వారాలకు నేను వెళ్ళి చూడాలి. ధర్మవరంలో బస్సెక్కి, బత్తలపల్లి దగ్గర చెరుకురసం తాగి, ముదిగుబ్బలో బస్సు మారాను. నెలన్నరకే గుట్టెక్కవచ్చని చెప్పబోతున్నాను కదా, పదిహేను రోజులు నేనే తగ్గించి ఇస్తున్నట్టు గర్వంగా ఉంది. పల్లె మలుపులో బస్సు ఆగేసరికి తాత ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇంటి నుంచి అంత దూరం, ఒక్కచోట కూడా కూర్చోకుండా వచ్చాడట. తిరిగి పోయేటప్పుడు నిటారుగా నా ముందు నడిచాడు. అందుకోవడానికి నేనే వగర్చాను.

ఇంటి పక్క గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. కంపచెట్ల కంచె ఒక పక్కకు లాగి ఉంది. లోపల నేల ఊడ్చినట్టు ఉంది.

గుట్టకు పోయాయా అని అడిగాను. ఎవరితో పోయాయి అని కూడా అడిగాను, ఇంకా అర్థం కాక.

చెప్పింది అవ్వే. ఆమె తమ్ముడు ఓబులేసు నెలన్నర దాకా వీళ్ళ మందను కూడా చూసుకుంటానన్నాడు. ఆ తర్వాత అతను తన గొర్రెలతో దూరపు మేతకు వలస పోవాలి, అప్పటికే మాటిచ్చుకున్నాడు. నెలన్నర తర్వాత మిగిలిన పదిహేను రోజులు మందను చూసే మనిషి దొరకలేదు. ఎంతో మందిని అడిగారు. బెంగళూరు బయల్దేరే ముందు సంతలో మందనంతా అమ్మేసి వచ్చారు. పెద్దమ్మను కూడా.

బ్యాగులోంచి ఫారం తీసి, మళ్ళీ లోపల పెట్టాను. చెప్పకుండా వచ్చేయవచ్చు. ఎవరికీ తెలియదు. డాక్టరుగారికి తెలుగు రాదు, వీళ్ళకు కన్నడం రాదు. మా నాయనైనా ఆ చోట ఏం చేసేవాడో నాకు తెలియదు.

"తాతా, డాక్టరు చెప్పింది నెలన్నరే," అన్నాను. "రెండు నెలలనేది నా మాట. అంగడోళ్ళ బిడ్డను, నువ్వు తగ్గిస్తావని కలిపి చెప్పినా."

తాత నన్నే చూశాడు. కోపం ఉంటే బాగుండును అనిపించింది. ఆయన ముఖంలో ఉన్నది అర్థం కాకపోవడం.

"గొర్రెకు బేరం చేస్తా పాపా," అన్నాడు. "డాక్టరు మాటకు బేరం చేస్తారా యాడన్నా?"

అవ్వ మాత్రం ఊరుకోలేదు. "అంగడోళ్ళ బిడ్డవని ఆ పొద్దే చెప్పకపోతివే. చెప్పింటే సగానికి అడిగిందును గదా." అని లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు ఖాళీ చేయడానికి నాకు పట్టినంత సమయం ఏ ఫారం నింపడానికీ పట్టలేదు.

ఫారంలో నడక గడి నింపాను. ఆ రోజు మా పరిశోధనలో అందరికంటే బాగా నడిచిన మనిషి ఆయనే. బెంగళూరులో డాక్టరుగారు దాన్ని చూసి సంతోషించారు. ఎందుకోసం నడుస్తున్నారు అని అడిగే గడి ఫారంలో లేదు. జరిగింది డాక్టరుగారికి చెప్పాను. అప్పటి నుంచి ఎన్ని రోజులో తానే కాగితం మీద అంకెలతో రాసి సంతకం పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఏడాది తర్వాత పెనుకొండ క్యాంపుకు తాత చివరి పరీక్షకు వచ్చాడు. వలస నుంచి తిరిగొచ్చిన ఓబులేసు మంద వెంట ఇప్పుడు తాతే గుట్టకు పోతున్నాడట. ఆ మందలో తనవి నాలుగు గొర్రెపిల్లలున్నాయట. పాతవాటి గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నడుము పట్టేసిందంటే చూసి, డాక్టరుగారు మాత్రలు రాశారు. ఎన్నాళ్ళు వేసుకోవాలని తాత అడిగాడు. మూడు వారాలన్నాను.

తాత కర్ర మీద చేతులు పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"ఈ మూడు వారాలు డాక్టరువా పాపా, నీవా?"

కాగితం ఆయన ముందుకు జరిపి, అంకె మీద వేలు పెట్టి చూపించాను. తాతకు చదువు రాదు. అయినా ఆ అంకెను చాలాసేపు చూసి, మడిచి, తలగుడ్డ మడతలో దోపుకుని లేచాడు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. గేటు దాకా ఒక్కసారి కూడా వంగలేదు.

ఇప్పటికీ నేను కూరగాయల దగ్గర, ఆటోల దగ్గర, చీరల దగ్గర ఎవరినీ వదలను. కానీ ఎన్నాళ్ళకు తగ్గుతుందని ఒక ముసలి మనిషి అడిగితే, మా నాయన ఎన్నడూ పాటించని ఆ బోర్డు కళ్ళముందుకు వస్తుంది. ఎన్నాళ్ళో అన్నాళ్ళే చెప్తాను.