మా వదిన గొంతు మీరెవరూ వినలేదు

మొన్న మంగళవారం పొద్దున మా వదిన పోయింది. మహబూబ్‌నగర్‌లో, కొడుకు ఇంట్లో. ఆ కబురు తెలిసినప్పటి నుంచి మీలో చాలామంది నాకు ఫోన్లు చేస్తున్నారు. సంతోషం. కానీ అందరూ ఒకటే మాట అంటున్నారు, "సినిమాల్లో ఆమె గొంతు వింటూ పెరిగామండీ" అని. అది తప్పు. మీరు వినలేదు. ఏళ్ళ తరబడి బళ్ళో తప్పులు దిద్దిన చెయ్యి నాది, చావింట్లో కూడా ఊరుకోదు. మీరు చూసింది ఆమె ముఖాన్ని. ఆ పెదవుల మీద వినబడిన పాటలు ఒకామెవి, మాటలు ఇంకొకామెవి. ఇద్దరూ గొప్పవాళ్ళే, వాళ్ళతో నాకు పేచీ లేదు. మా వదిన గొంతు మాత్రం ఏ సినిమాలోనూ లేదు. దగ్గు కూడా ఆమెది కాదు.

ఆమె మా మేనమామ బిడ్డ. నాకంటే పెద్దది, అందుకని వదిన. నేను నారాయణపేటలో మామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. ముందర గదిలో గుంత మగ్గం, దాని మీద మామ. ఆ పక్కన రాట్నం ముందు కూర్చుని అత్తమ్మ కండెలు చుట్టేది. అత్తమ్మకు కళ్ళు కనబడవు. నేను ఆ ఇంటికి వెళ్ళేనాటికే పూర్తిగా పోయాయి. తెగిన దారాన్ని వేళ్ళతో, వచ్చిన మనిషిని చెవులతో పట్టుకునేది.

కూతురు ఇంట్లో ఏ మూల ఉన్నదీ ఆమెకు పాటతోనే తెలియాలి. అది ఆ ఇంటి పద్ధతి. వదిన నీళ్ళు తోడుతూ పాడేది, గిన్నెలు తోముతూ పాడేది, తల దువ్వుకుంటూ పాడేది. పాట ఆగిందా, "యాడున్నవే?" అని ముందర గదిలోంచి కేక. నాకేమో పరీక్షలు.

"జర నోరు మూస్తవా వదినా, చదువుకోవాలె."

"మూస్తె మా అమ్మ నేను బాయిల పడ్డననుకుంటది. నువ్వే చెవులు మూసుకో పిల్లా. నీకు ఎట్లాగూ చదువు చెవులకెల్లి ఎక్కుతలేదు."

మగ్గం చప్పుడులోంచి ఆమె లయ నేర్చుకుందని ఇప్పుడు ఎవరో ఒకరు రాస్తారు. నమ్మకండి. మగ్గం చప్పుడుకు మాకు తలనొప్పి వచ్చేది. వదిన పాటలు నేర్చుకున్నది బజార్లో హోటల్ వాడి గ్రామఫోన్ నుంచి. బియ్యం తేవడానికి పోతే పాట పట్టుకుని వచ్చేది, ఒక్కోసారి బియ్యం మరిచిపోయి.

బడి వార్షికోత్సవంలో పాడితే, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సంగీతం మాస్టారు విని రేడియోకు తీసుకుపోయారు. ఆ తర్వాత మద్రాసులో గ్రామఫోన్ ప్లేట్లకు పాడింది. ఇవాళ మీ మనవరాళ్ళు చెవుల్లో పెట్టుకుని తలలూపే పాటల్లాంటివే అవి. తేలికైన పాటలు, పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో మోగే పాటలు. పండితులు మూతి ముడిచారు. జనం మాత్రం ప్లేట్లు అరిగేదాకా విన్నారు.

మా ఇంట్లో గ్రామఫోన్ లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హోటల్లో అడుగు పెట్టేవాళ్ళు కాదు కాబట్టి, మామ అత్తమ్మను చెయ్యి పట్టి తీసుకుపోయి ఎదురుగా అరుగు మీద కూర్చోబెట్టేవాడు. హోటల్ వాడు కూతురి ప్లేటు పెట్టేవాడు. మొదటిసారి విన్న రోజు, పాట అయిపోగానే అత్తమ్మ అలవాటు కొద్దీ "యాడున్నవే?" అని గట్టిగా కేకేసింది. హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

సినిమావాళ్ళు ఆ ప్లేటు విని వచ్చారు. గొంతు కోసం వచ్చినవాళ్ళు ముఖం చూసి గొంతు సంగతి మరిచిపోయారు. ఆమె మాట పాలమూరు మాట, తెరకు పనికిరాదన్నారు. పాటలకేమో అప్పటికే పేరున్న గాయని ఉంది. తెర మీద ఒక గొంతు, రేడియోలో ఇంకో గొంతు వినబడితే జనం నమ్మరట, అందుకని ఒప్పందం ఉన్నన్నాళ్ళు రేడియోలో, ప్లేట్ల మీద, సభల్లో ఎక్కడా పాడకూడదన్నారు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. మామ ఉర్దూలో సంతకం పెట్టాడు. నాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషు పిల్లీ ఎలుకా దాటలేదు. మేమంతా చాయ్ తాగి సంతోషించాం.

షూటింగులో పాటను పెద్ద స్పీకర్లో వేస్తారు, నటి దానికి సరిగ్గా పెదవులు కదపాలి. పాడటం వచ్చినదానికి పాడకుండా నోరు కదపడం ఎంత కష్టమో వదిన చెప్పేది. మొదట్లో ఆపుకోలేక గొంతెత్తి పాడేసేదట. "అమ్మాయ్, పెదాలు చాలు, గొంతు మూసెయ్" అని డైరెక్టర్ అరిచేవాడట. ఆమె తన బతుకు గురించి చెప్పిన మాట ఒకటి నాకు బాగా గుర్తు. "మూతి నాది, పాట వేరేటోళ్ళది. నడుమ నేను కిరాయికున్న పిల్లా."

ఆ సినిమా నారాయణపేట టూరింగ్ టాకీసుకు వచ్చింది. మా వాడంతా మగ్గాలు ఆపేసి మొదటి ఆటకు బయలుదేరింది. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఇసుకలో ఆమె పక్కన నేను కూర్చున్నాను. వదిన తెర మీదికి రాగానే ఈలలు, చప్పట్లు. మనిషి అంత పొడుగున కనబడుతుంటే నాకూ ఒళ్ళు పులకరించింది.

అత్తమ్మ నా మోచెయ్యి గీరింది. "ఇంకెప్పుడొస్తది బిడ్డా?"

"వచ్చింది అత్తమ్మా. ఇగో, మాట్లాడుతున్నది గదా."

"ఈమె ఎవరో. నా బిడ్డ ఏది?"

పాట మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్ళు ప్రేమకొద్దీ తలా ఒక మాట అన్నారు. "నీ బిడ్డే పాడుతున్నది వినవమ్మా!" "గంత మంచి గొంతు ఇంకెవరికుంటది?" అత్తమ్మ ఆట అయ్యేదాకా తల వంచుకుని ఇసుకలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చాక మామను అడిగింది.

"నా బిడ్డ ఎప్పుడు పోయింది?"

ఆమె లెక్క ఆమెది. కొన్నాళ్ళుగా రేడియోలో కూతురి పాట లేదు. కొత్త ప్లేటు లేదు. ఇప్పుడు సినిమాలో కూతురి పేరు చెప్పి ఇంకెవరినో పెట్టారు. ఊరంతా ఒక్కటై అది కూతురేనని అబద్ధమాడుతోంది. పాట ఆగిందంటే బిడ్డ బావిలో పడ్డట్టే. ఆ ఇంట్లో అదే గదా లెక్క.

మామ నవ్వాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఏడ్చాడు. నేను అంతో ఇంతో చదువుకున్నదాన్నని వాదానికి దిగాను. వదిన ఉత్తరాలు చదివి వినిపించాను. "చదివేటోళ్ళు మీరే గదా బిడ్డా, ఏమన్న చదువుతరు" అంది. హోటల్ ముందర కూర్చోబెట్టి ప్లేటు వినిపించాం. "పోయినోళ్ళ పాట గూడ ప్లేటుల ఉంటది" అంది. అత్తమ్మ నీళ్ళలాంటి గంజి తాగుతూ, చేతి గాజులు తీసి గూట్లో పెట్టి, కండెలు చుట్టుకుంటూ ఉండిపోయింది.

వదినకు తంతి ఇచ్చాం. షూటింగు మధ్యలో పంపించేది లేదన్నారు సినిమావాళ్ళు. సరే, ట్రంకాల్ చేయిద్దామని అత్తమ్మను పోస్టాఫీసుకు తీసుకుపోయాం. వాడ సగం వెంట వచ్చింది. పోస్టుమాస్టరు గొంతు చించుకుని అరిచి అరిచి, చివరికి రిసీవర్ అత్తమ్మ చేతిలో పెట్టాడు. డబ్బాలో దోమ మోగినట్టు అవతల వదిన.

అత్తమ్మ శ్రద్ధగా విన్నది. "మంచిదమ్మా. మీ ఇంట్లందరు మంచిగున్నరా?" అని అడిగింది. లైను తెగిపోయింది. రిసీవర్‌ను మర్యాదగా పోస్టుమాస్టరుకు తిరిగి ఇచ్చేసి మా వైపు తిరిగింది.

"ఎవరో మద్రాసామె. మంచి మనిషి. దిగులుపడొద్దని చెప్తాంది. అంటే పోయినట్టే గదా."

తర్వాత వదిన నాతో అన్నది: "పక్కనే మేనేజర్ నిలబడ్డడు. నా మాట తుడిచి తుడిచి వాళ్ళ మాట పెట్టిన్రు గదా, ఆ ఫోన్ పట్టుకుంటె నా నోట్లకెల్లి అదే వచ్చింది. ఇగ పాడుదామని నోరు తెరిచిన. టైమైపోయింది."

షూటింగు ముగిశాక వచ్చింది. బస్సు దిగిన చోటి నుంచే జనం. అందరినీ దాటుకుని ఇంట్లోకి వచ్చి, రాట్నం ముందు నిలబడి, ఏమీ మాట్లాడకుండా పాట ఎత్తుకుంది. నీళ్ళు తోడేటప్పుడు పాడే పాట. రాట్నం ఆగింది. మామ మగ్గంలోంచి లేవలేదు, లేవలేకపోయాడు. అత్తమ్మ చివరిదాకా విన్నది. ఆమె ముఖం వికసిస్తుంటే మేమంతా గండం గడిచిందనుకున్నాం.

"మంచిగ పాడినవమ్మా," అంది అత్తమ్మ. "అచ్చం నా బిడ్డ లెక్కనే. ప్లేటు విని నేర్చుకున్నవా? ఎవరి బిడ్డవు?"

"అమ్మా, నేనే."

వదిన ఆమె ఒళ్ళో తల పెట్టింది. అత్తమ్మ వేళ్ళు ఆ తలను తడిమాయి, కనుబొమలను తడిమాయి, ముక్కు దగ్గర ఆగాయి. సినిమావాళ్ళు కనుబొమలు సన్నగా తీసేశారు, ముక్కుపుల్ల తీయించారు. అరచేయి మెత్తబడింది, తలనూనె వాసన మారింది.

"నా బిడ్డకు ముక్కుపుల్ల ఉండె," అంది అత్తమ్మ జాలిగా. "నిన్ను గూడ వీళ్ళే తోలిన్రా బిడ్డా? కండ్లు లేనిదానికి అబద్ధం చెప్తె పాపం రాదనుకున్నరేమో. నీ తప్పు లేదులే. ఇంకొకటి పాడు."

వదిన పాడింది. ఏం చేస్తుంది?

ఆ తర్వాత సందు దొరికినప్పుడల్లా వచ్చేది. "మల్ల వచ్చినవా బిడ్డా" అని అత్తమ్మ పీట వేయించేది. వచ్చినదానికి తన కూతురి సంగతులు చెప్పుకుని ఏడ్చేది, కూతురే ఆమె కళ్ళు తుడిచేది. మామ మొదట్లో "నీ బిడ్డేనే!" అని తల బాదుకున్నాడు. పోను పోను ఊరుకున్నాడు. వాకిట్లో నిలబడి ఇదంతా చూసేదాన్ని నేను. ఎవరికైనా ఎదురు చెప్పగలనని పేరుపడ్డ నోరు నాది. అది ఆ వాకిట్లో ఎందుకూ పనికిరాలేదు.

చివరి రోజుల్లో అత్తమ్మ ట్రంకు పెట్టె తెరిపించి, మామ నేసిన పట్టుచీర ఒకటి తీయించింది. "నా బిడ్డ పెండ్లికని దాచిన. ఆమె లేకపాయె. పాపం, నువ్వు ఎన్నిసార్లొచ్చి పాడినవ్, నీ రుణం నేనెందుకు ఉంచుకోవాలె, నువ్వు కట్టుకో" అంది. వదిన రెండు చేతులా తీసుకుంది. "కట్టుకుంట అమ్మా" అంది. కట్టుకుంది కూడా, తన పెళ్ళికి.

ఒప్పందం ముగిసేసరికి ప్లేట్ల వాళ్ళు పాటల ఫ్యాషన్ మారిందన్నారు. సినిమాల్లో కొన్నాళ్ళు నాయిక స్నేహితురాలిగా, ఆ తర్వాత నాయిక అక్కగా కనబడింది. వయసుతోపాటు గొంతులూ మారాయి, ఒక్కోసారి ఒక్కొక్కరివి. ఆఖరికి మహబూబ్‌నగర్ వచ్చి సంసారం పెట్టుకుంది. పులుసు బాగా చేసేది. టీవీలో తన సినిమా వస్తే లేచి వెళ్ళిపోయేది కాదు, చక్కగా కూర్చుని "ఈమె గొంతు ఎంత మంచిగుందో" అనేది. ఇంట్లో పని చేసుకుంటూ మాత్రం ఇక పాడలేదు. ఒకసారి అడిగాను.

"యాడున్నవని అడిగేటోళ్ళు ఉంటె చెప్పాలె గని, ఊకె ఎవరికి చెప్పాలె పిల్లా?" అంది.

మీలో కొందరు ప్లేట్లు ఏమైనా మిగిలాయా అని అడిగారు. ఇళ్ళు మారినప్పుడు కొన్ని పగిలాయి, కొన్ని పాలమూరు ఎండకు వంకర పోయాయి. మిగిలిన ఒక్కదానికి మనవరాలు నానమ్మ మీద ప్రేమతో బంగారు రంగు పూసి గోడకు తగిలించింది. చాలా అందంగా ఉంది. ముల్లు దాని మీద ఇక నడవదు.

చివరిసారి ఇంటికి తెచ్చే ముందు దవాఖానలో ఉన్నప్పుడు, నర్సమ్మ సెల్‌ఫోన్‌లో ఆమె సినిమా పాట ఒకటి పెట్టింది. "అవ్వా, నీ పాటే, విను" అంది. వదినకు అప్పటికి తెలివి వస్తూ పోతూ ఉంది. కళ్ళు మూసుకునే పెదవులు కదిపింది. ఎక్కడా ఒక్క అక్షరం తప్పలేదు, ముందుకు పోలేదు, వెనకబడలేదు. శబ్దం లేదు. నర్సమ్మ మురిసిపోయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పదకొండో రోజు కార్యం వచ్చే శుక్రవారం, కొడుకు ఇంటి దగ్గర్లోని ఫంక్షన్ హాల్లో. అక్కడ పెద్ద తెర కట్టించి ఆమె సినిమా పాటలన్నీ వేయిస్తున్నారు. కొడుకు గొప్పగా చెప్పుకుంటున్నాడు. వాడిని కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు, పైగా ఆ ఇంట్లో నా మాట చెల్లదు. నాకు మోకాళ్ళ నొప్పులు, భోజనాల వేళకు గానీ చేరలేను. మీలో ఎవరైనా ముందుగా వెళ్తే, తెర పక్కన బల్ల దగ్గర సౌండ్ చూసుకునే ఆయన ఉంటాడు. ఆయనతో మెల్లగా చెప్పండి. బొమ్మను ఉండనివ్వమనండి. సౌండు మాత్రం పూర్తిగా తగ్గించి, నేను వచ్చేదాకా పెంచొద్దనండి.