అత్తమ్మ తొక్కిన బ్రేకు

మా నాన్న మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి జీపుకు డ్రైవరు. డెబ్బైల్లో నేను కాలేజీ చదివే రోజుల్లో, ఆదివారం చర్చి అయ్యాక నన్ను ఊరి బయట మైదానానికి తీసుకుపోయి బండి నడపడం నేర్పాడు. క్లచ్చి, గేర్లు, స్టీరింగు అన్నీ ఓపికగా నేర్పాడు గానీ, పానాలపెట్టె మీద మాత్రం నన్ను చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. "ఈ గ్రీజు నీకు యాలమ్మా? నడపడం వస్తే సాలు," అనేవాడు.

ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత అంబాసిడర్ కారు, ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఎనభైలు వచ్చాయి. నేను పుంగనూరులో హైస్కూలు సైన్సు టీచరును. మా ఆయన కుప్పంలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు; శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున బస్సెక్కేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ, మా అత్తమ్మా ఇద్దరమే. అత్తమ్మది గుడుపల్లె దగ్గర ఒక పల్లె. బడి మొహం చూడలేదు. బస్సెక్కితే పది నిమిషాలకు వాంతులు. కారులో అయితే ముందు సీట్లో కూర్చొని, అద్దం దించుకొని, ఎంత దూరమైనా హాయిగా వచ్చేది.

ఒక ఎండాకాలం సెలవుల్లో కుప్పంలో మా ఆడబిడ్డ కొడుక్కి బాప్తిస్మం పెట్టుకున్నారు. ఆదివారం కార్యక్రమం. దానికి ముందు సోమవారం నేను మదనపల్లెకు పోయి తిరిగి వస్తూ ఉంటే, బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల్లోంచి ఇనుము ఇనుమును గీకినట్టు చప్పుడు. పుంగనూరులో అడుగుపెట్టేసరికి వీధిలో కుక్కలు కూడా లేచి దూరంగా నిలబడ్డాయి.

మా ఊళ్లో కార్లు చూసే మెకానిక్కు ఒక్కడే. అతను తమ్ముడి పెళ్లికని కోలారు పోయాడట, వారం దాకా రాడట. సంగతి చెప్పగానే అత్తమ్మ మొహం వాడిపోయింది.

"అయితే నా మనవడికి నీళ్లు సల్లేటప్పుడు నేను ఆడ ఉండనా?"

"ఉంటావులే అత్తా. నేనే విప్పి చూస్తాను," అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, ఎడమవైపు ముందు చక్రం ఊడదీశాను. లోపల పెద్ద ఇనుప గిన్నె బోర్లించినట్టు డ్రమ్ము. అది ఎంత లాగినా రాలేదు. చెక్క ముక్క ఆనించి చుట్టూ సుత్తితో తట్టగా తట్టగా, చివరికి ఒక్కసారిగా ఊడి నా ఒళ్లో పడింది. నేను వెల్లకిలా పడ్డాను. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ, "దెబ్బ తగిలిందా?" అని ముందు అడిగి, తర్వాత బాగా నవ్వింది.

డ్రమ్ము లోపల నెలవంకల్లా రెండు బ్రేకు షూలు. వాటి మీద ఉండాల్సిన లైనింగు అరిగి అరిగి, దాన్ని పట్టి ఉంచే రివెట్లే బయటికొచ్చి డ్రమ్మును గీకుతున్నాయి. కారణం కంటికి కనబడేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో కుడివైపు చక్రం కూడా విప్పేశాను. స్ప్రింగులు పీకుతుంటే ఒకటి ఎగిరి గేదె కుడితి తొట్టిలో పడింది. అత్తమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచి, వెతికి తీసిచ్చింది.

నాలుగు షూలనూ గుడ్డసంచిలో వేసుకొని మదనపల్లె బస్సెక్కాను. అక్కడ లైనింగులు కొట్టే ముసలి సాయిబు మా నాన్నను ఎరిగినవాడే. సంచిలోంచి తీసి ముందు పెట్టగానే నాలుగింటినీ తిప్పి చూశాడు.

"ఎవరు విప్పింది బేటీ?"

"నేనే తాతా."

"రెండు పక్కలా ఒకేసారి విప్పేసినావా? మరి సూసి బిగించేదానికి ఏముండాది?"

ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పాలట. అప్పుడు ఏ స్ప్రింగు ఎక్కడో చూసుకోవచ్చట. ఆయన పాత లైనింగు చెక్కేసి, కొత్తది పెట్టి, ఒక్కో రివెట్టూ కొడుతూ నాకు జాగ్రత్తలు చెప్పాడు. "కొత్త లైనింగుకు గ్రీజు చెయ్యి తగిలించొద్దు. డ్రమ్ము ఎక్కించేదాకా బ్రేకు తొక్కొద్దు. తొక్కితే ఆడుండే సిలిండరు గుండు, అదే పిస్టను, బయటికొచ్చేస్తాది." షూలను పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. బ్రేక్ ఆయిలు డబ్బా కూడా కొనుక్కొని, జాగ్రత్తలన్నీ బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చాను.

బుధవారం పొద్దున షూలను పేపరు మీద పరిచి, సిలిండర్లు తుడుస్తున్నాను. అత్తమ్మ ఎండగా ఉందని కారులో డ్రైవరు సీట్లో కూర్చొని, తలుపు తెరిచి పెట్టుకొని నాతో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి నా మొహం ముందర ఫట్‌మని ఏదో ఊడిపడింది. వెనకాలే నూనె చిమ్మి నా ముక్కు, కళ్లద్దాలు, జాకెట్టు అన్నీ తడిసిపోయాయి.

"అత్తా! బ్రేకు తొక్కినావా?"

"యాడ తొక్కినాను? కాలు పెట్టినానంతే."

ద్రవం మీద ఒక చోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందని ఏటా పిల్లలకు బోర్డు మీద రాసిచ్చేదాన్ని. అది ఇంత జోరుగా పోతుందని ఆ రోజే తెలిసింది. సాయిబు చెప్పిన జాగ్రత్త నేను వల్లె వేసుకున్నాను గానీ, ఇంట్లో రెండో మనిషికి చెప్పలేదు. తప్పు నాదే. కోపం తెచ్చుకోవడానికి లేదు. అత్తమ్మ కొంగుతో నా కళ్లద్దాలు తుడుస్తూ, "ఇంగ సెడిపోయిందా?" అని చిన్నగా అడిగింది.

"చెడిపోలేదులే," అని గుండును కడిగి, దాని రబ్బరు చిరగలేదని చూసుకొని, మెల్లగా లోపలికి నెట్టాను. అదృష్టం, కుదురుకుంది. కొత్త షూల మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఏ స్ప్రింగు ఏ బొక్కలో? మూడు రకాలుగా తగిలించాను. ఎలా పెట్టినా షూ వంకరగా నిలుస్తోంది. తల పట్టుకొని కూర్చుంటే అత్తమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఆ పొడుగుది కిందికి పెడతాండావు. అది పైన ఉండె. కొక్కెం లోపలి పక్కకు తిరిగి ఉండె."

"నీకెట్లా తెలుసు?"

"నువ్వు విప్పేటప్పుడు సూస్తానే ఉండాను కదా. నీ కండ్లు సుత్తి మీద ఉండాయి, నా కండ్లు దాని మీద ఉండాయి."

ఆమె చెప్పినట్టు పెట్టాను. షూలు రెండూ చక్కగా ఒదిగి కూర్చున్నాయి. కుడివైపు కూడా ఆమే చెప్పింది, నేను బిగించాను. డ్రమ్ములు ఎక్కించాం.

ఇక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు బ్రేకు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి గాలి పోనివ్వాలి. నట్టుకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను నూనె పోసిన సీసాలో ముంచాను. అత్తమ్మ చెప్పులు విడిచి, దండం పెట్టుకొని మరీ డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కు అత్తా. అట్లే పట్టుకో!"

"పట్టుకున్యా!"

నట్టు వదులు చేస్తే సీసాలో బుడబుడా బుడగలు. మళ్లీ బిగించి, "ఇప్పుడు వదులు," అనేదాన్ని. నాలుగోసారికి ఆమే నాకు ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టింది. "తొక్కినా, ఇప్పు! ఇడస్తాండాను, బిగించు!" నడుమ నడుమ బండిలోని బ్రేక్ ఆయిలు డబ్బాలో నూనె పోస్తూ గంటసేపు అదే పని. ఆఖరికి ఆమె కేక వేసింది. "అమ్మాయ్, గట్టిపడిండాది! రాయి మాదిరి ఉండాది!" నేను పోయి తొక్కి చూశాను. నిజమే.

సాయంత్రం ఖాళీగా ఉన్న ఊరి బయటి దారిలో, చెయ్యి హ్యాండుబ్రేకు మీదే పెట్టుకొని, నడిచే మనిషంత మెల్లగా పోనిచ్చాను. తొక్కితే ఆగింది గానీ, బండి ఎడమకు లాగింది. ఇంటికొచ్చి కుడివైపు షూలు డ్రమ్ముకు కొంచెం దగ్గరికి సర్దాను. మళ్లీ పోయాను, మళ్లీ సర్దాను. శుక్రవారానికి బండి తిన్నగా నిలబడటం నేర్చుకుంది.

శనివారం పొద్దున ఇద్దరం బయలుదేరాం. పలమనేరు దాటాక కూడా అత్తమ్మ వేళ్లు తలుపు పిడిని వదల్లేదు. వి.కోట దాటి ఒక మలుపు తిరగ్గానే, దారి నిండా గొర్రెలు. నేను తొక్కాను. పక్క సీట్లో ఆమె కూడా రెండు కాళ్లతో కింద గట్టిగా తొక్కింది. బండి ఎటూ లాగకుండా, ముందున్న గొర్రెకు మూరెడు ఎడంలో నిలబడింది. కాపరి కర్ర ఎత్తి మమ్మల్ని గదిమాడు. అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, నవ్వుమొహంతో, "ఏం బయం లేదప్పా! బ్రేకు కొత్తది!" అంది. పిడి వదిలేసి, ఒళ్లోని మూట విప్పి నాకు వేరుశనగలు పెట్టింది.

కుప్పంలో మా ఆయన చక్రాల చుట్టూ రెండుసార్లు తిరిగి, "నిజంగా మీరిద్దరే చేసినారా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా అత్తమ్మ అందుకుంది. నూనె చిమ్మిన సంగతి ఒక్కటి దాటేసి, మిగతాదంతా వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పింది.

ఆదివారం బాప్తిస్మం అయ్యింది. మనవణ్ణి ఎత్తుకొని ఆమె పందిట్లో కూర్చుని ఉంటే, మా ఆడబిడ్డ మామగారు వచ్చి, తన జీపు బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి పోతోందని, ఏమై ఉంటుందని అడిగాడు.

"గాలి సేరుంటాదన్నా," అంది అత్తమ్మ, ఏళ్లుగా అదే పని చేస్తున్నట్టు. "భోజనాలు కానీ. నేను తొక్కుతాను, మా కోడలు ఇప్పుతాది."

పలావు తిన్నాక, పట్టుచీరల మీద పాత తువ్వాళ్లు చుట్టుకొని, ఇద్దరం జీపు దగ్గరికి నడిచాం.