జాబితా చివర మా ఇంటిపేరు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇదీ రాసేవాణ్ణి కాదు. నన్ను దొంగ అన్నారు కాబట్టి రాస్తున్నాను.

సూరత్ గోడాదరాలో ఒకప్పుడు మా తాతకు మగ్గాల షెడ్డు ఉండేది. అది అమ్ముడుపోయాక, కొన్నవాళ్ళ దగ్గరే, అదే షెడ్డులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగిగా చేరాను. కరోనా రెండో విడతలో తాత పోయాడు. పదకొండో రోజు దాటగానే డ్యూటీకి వెళ్ళాను.

నేను లేని రోజుల్లో మేనేజర్ నా అడ్మిన్ అధికారం తీసేశాడు. ఆ మధ్యాహ్నమే చీరల డిజైన్లు ఉండే లినక్స్ సర్వర్ మొరాయించింది. దాన్ని మళ్ళీ నడపాలంటే సుడో అనే ఆదేశం కావాలి. అధికార జాబితాలో పేరున్నవాళ్ళ మాటే అది వింటుంది. నా బల్ల మీది కంప్యూటర్ నుంచి మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ ఒకటే జవాబు: నీ పేరు జాబితాలో లేదు, ఈ సంగతి పైకి తెలియజేస్తాం.

ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్న మేనేజర్‌కు తెలిసింది. ఫోన్ చేశాడు.

"క్యా సేఠ్‌జీ, దాదా కా జమానా గయా. లిస్ట్ మే నామ్ నహీ, ఫిర్ దర్వాజా క్యోం ఠోక్ రహే హో?"

తాత కాలం పోయిందట, జాబితాలో పేరు లేకున్నా ఇంకా తలుపెందుకు కొడుతున్నానట. అతను మాట్లాడుతుండగానే నాలుగోసారి ఆ ఆదేశం కొట్టాను. సర్వర్ లేచింది.

జాబితా తెరిచాను. చివర ఒక కొత్త వరుస: గాజుల నరహరి.

నా లాగిన్ నరహరి గాజుల. సూరత్‌లో అందరికీ ఇంటిపేరు చివర్నే రాస్తారు. తాత ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. ఆఫీసుల్లో ఫారం వెనక్కి తోసేవాడు. "ఇంటిపేరు ఎనుకకు పోతే ఇల్లే ఎనుకకు పోయినట్టు రా" అనేవాడు.

గాజుల నరహరి అనే యూజర్ ఆ సర్వర్‌లో లేడు. లేని యూజర్ పేరున్న వరుస నాకు అధికారం ఇవ్వదు. ఇచ్చింది.

మేనేజర్ తిరిగి వచ్చాక, ఆ వరుస నేనే చేర్చుకున్నానని అందరి ముందు నన్ను దొంగ అన్నాడు. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాయమన్నాడు. ఏ మార్పు ఎప్పుడు, ఎక్కడి నుంచి జరిగిందో సర్వర్ రాసుకునే లాగ్ అతని చేతే తెరిపించాను. ఆ వరుస చేరింది అతను నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడే, తాళం వేసి ఉన్న సర్వర్ గదిలోని కీబోర్డు నుంచి. తాళంచెవి ఒక్కటే, అది ఆ రోజు అతని ఇంట్లోనే ఉంది.

వాచ్‌మన్ మల్లయ్య అడగకుండానే చెప్పాడు. "ఆ రూముకు ఎవ్వలు పోలే సాబ్. తాళం గట్లనే ఉండె."

మేనేజర్ ఆ వరుస చెరిపేసి, నా లాగిన్‌ను తానే జాబితాలో చేర్చాడు. లాగిన్‌లో ఇంటిపేరు ముందుకు మార్చమన్నాను.

"ఫరక్ క్యా పడ్తా హై?"

తేడా ఏముందట. ఐడీ కార్డు అతని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

తర్వాత ఇంట్లో వేరే కంప్యూటర్‌లో అదే వరుస రాసి చాలాసార్లు చూశాను. నీ పేరు జాబితాలో లేదనే చెబుతుంది. ఆ ఒక్క మధ్యాహ్నం నా పేరు జాబితాలో ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.