అమ్మ కొరికి చూసిన దొండకాయ

వానలు పడ్డాక అశోక్‌నగర్‌లో సగం కట్టి వదిలేసిన ఓ అపార్ట్‌మెంట్ రేకుల కంచె నిండా అడవి దొండ పాకుతుంది. ఎవరో నాటింది కాదు. చిక్కడపల్లి మార్కెట్లో దొండకాయ కొనడమంటే అమ్మకు ఒళ్ళు మంట. కంచె మీద ఊరికే కాస్తుంటే కొనడమేమిటని ఆమె వాదన. ఏటా నన్ను వెంటబెట్టుకుని సంచితో బయలుదేరేది.

ఐదు మూలల ఆకు, తెల్లని పువ్వు, చారల కాయ చూసి అది దొండ అని ఎవరైనా చెప్తారు. కానీ పక్కపక్కనే పాకిన తీగల్లో ఒకటి కమ్మగా ఉంటే ఇంకొకటి కటిక చేదు. ఆ చేదు కాయలు కూరలో పడితే వాంతులే. అందుకని అమ్మ ప్రతి తీగకూ ఒక లేత కాయ కొరికి, నమిలి, ఉమ్మేశాకే తెంపమనేది.

ఆ ఏడు అమ్మ కొలువు ఊగిసలాడుతోంది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. కూరల్లో ఉప్పు సరిగ్గా ఉండడం లేదని పిల్లలు పదే పదే గొడవ చేశారు. ఇంకోసారి ఫిర్యాదు వస్తే మానేయమని ఓనరమ్మ తెగేసి చెప్పింది. నేను పిల్లల్నే తిట్టుకున్నాను. పొద్దంతా పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే ఎవరి వంట మాత్రం రుచిస్తుంది? మంచి దొండకాయ వేపుడుతో వాళ్ళ నోళ్ళు మూయించాలని అమ్మ పంతం పట్టింది.

కంచె దగ్గర కాయ కొరికింది. నిదానంగా నమిలి ఉమ్మింది.

"మంచిగుంది. తెంపు బిడ్డా."

సంచి సగం నిండాక ఊరికే ఒకటి కొరికాను. చేదు గొంతు దాకా పాకింది. ఎంత ఉమ్మినా పోలేదు.

"ఏందమ్మా ఇది? పిల్లల్ని చంపుతవా?" అని అరిచాను.

అమ్మ నా మొహం చూసింది. సంచిలోంచి ఒక కాయ తీసి కొరికింది. ఇంకోటి తీసి కొరికింది.

"చేదుందా?" అని అడిగింది, నిజంగానే తెలియక.

నా కోపం ఎటు పోయిందో, ఏడుపొచ్చింది. "ఎప్పటిసంది ఇట్లుంది?"

"మొన్న జరం వచ్చినప్పటిసంది. తగ్గుతది తగ్గుతదని చూస్తున్న. అందాజుగ ఉప్పేస్తున్న."

డాక్టరుకు చూపిద్దామన్నాను. వినిపించుకోలేదు. కాయలన్నీ కంచె అవతల పారబోసి, సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"రేపటిసంది నేను పోను. ఓనరమ్మకు నువ్వే చెప్పు."

"ఏమని చెప్పాలె?"

"మోకాళ్ళు నొస్తున్నయని చెప్పు. నాలిక పోయిందని మాత్రం ఎవ్వరికీ చెప్పకు," అంది.