'ఏం కాదు' అనని చాచా

పోయిన శుక్రవారం పొద్దున మా గల్లీ మసీదు మైకులో ఒక పేరు చదివి, ఆయన ఇక లేరని, మధ్యాహ్నం జనాజా ఉంటుందని చెప్పారు. నేను బడికి పోవడానికి జడ వేసుకుంటున్నాను. ఎవరో పాపం అనుకున్నాను. గోడ అవతలి ఇంట్లోంచి ఏడుపు వినపడ్డాక గాని ఆ పేరు మా చాచాదని తెలియలేదు. ఆరేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నాం. ఆయన పేరేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మీలో ఎవరైనా చాలా ఏళ్ల కింద హనుమకొండలో అక్వేరియం కొని ఉంటే, దాని అద్దాలు కోసి అతికించింది ఆయనే కావచ్చు. నేను ఎరిగేనాటికి దుకాణం మూసేశాడు. షుగరు వల్ల చూపు బాగా మందగించింది. మనుషులను గొంతుతో గుర్తుపట్టేవాడు, అద్దాన్ని వేలితో.

మా నాయిన కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసిన మనిషి. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు చెప్తున్నాను. చదువుకున్నానన్న ధీమా నాలో కొంచెం ఎక్కువగానే ఉండేది. అది ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెప్పకుండా చాచా గురించి చెప్పలేను.

పోయినేడు, బదిలీ మీద ఊరు విడిచిపోతున్న ఒక కుటుంబం వాళ్ల పాత అక్వేరియం నాకిచ్చింది. నాలుగడుగుల పొడవు. చేప నీళ్లలో ఊపిరి ఎట్లా తీసుకుంటుందో బొమ్మ గీసి చెప్పడం కన్నా చూపించడం మేలు కదా అనుకున్నాను. ఆ రోజే క్లాసులో చెప్పేశాను. ఇంకా రాని చేపలకు పిల్లలు పేర్లు కూడా పెట్టేశారు. శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది, ఆ రోజుకల్లా క్లాసులో పెట్టెయ్యమని మా హెడ్ సార్ అన్నారు. దాని ముందు చాప పరిచి పిల్లలను కూర్చోబెడదామని కూడా అనుకున్నాం.

బొంత మీద పెట్టి ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించగానే గోడ మీదుగా చాచా గొంతు వినపడింది.

"ఏం దించిన్రు బేటా? అద్దం సప్పుడొస్తాంది."

"అక్వేరియం చాచా. తెలిసినోళ్లు ఊకెనే ఇచ్చిన్రు."

"ఊకెనే ఇచ్చిన్రంటే జర ఎక్కువ చూడాలె."

గోడ పట్టుకుంటూ వచ్చేసరికి మా అమ్మ దాని నాలుగు కింది మూలలకూ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతోంది. మా ఇంట్లో కొత్తగా ఏది వచ్చినా, కుక్కరైనా సరే, బొట్టు లేకుండా గడప దాటదు.

చాచా కింద కూర్చుని ఒక మూల తడిమాడు. వేలికి పసుపు అంటింది. వాసన చూసి నవ్వాడు. "చెల్లే, అతుకు మీదనే పూసినవ్. జర పైన పెట్టరాదు?"

"మూలకు పెట్టక ఇంకేడ పెడ్తరు అన్నా? దానికి దిష్టి తగిల్తే నువ్వు చూస్తవా?"

"సరే తియ్. దిష్టి నువ్వు చూడు, అతుకు నేను చూస్తా."

ఆయన చూడడం నేను అప్పుడే మొదటిసారి గమనించాను. ముందు అద్దం అంచులన్నీ బొటనవేలితో నిదానంగా తడిమాడు, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని. తర్వాత లోపలి మూలల్లో గోరు పెట్టి, పైనుంచి కిందికి ఒకే వేగంతో లాగాడు. వెనక మూల దగ్గర గోరు ఆగింది. మళ్లీ పైకి పోయి మళ్లీ దిగాడు. అక్కడే ఆగింది.

"ఇక్కడ పాత గమ్ము మీద కొత్త గమ్ము పెట్టిన్రు. పట్టదు బేటా. పట్టినట్టు కనపడ్తది, గంతే." తర్వాత పై అంచుల మధ్య తడిమాడు. "ఈడ అడ్డంగ ఒక పట్టీ ఉండాలె. ముంగటి అద్దాన్ని, ఎనక అద్దాన్ని పట్టుకునేది. ఊడిపోయింది. మొత్తం ఇప్పి మళ్ల అతకాలె."

అంటే రెండు వారాలు. మీటింగు నాలుగు రోజుల్లో ఉంది. నేను నోట్‌బుక్కు తెచ్చి లెక్క చదివాను. రెండు వందల లీటర్లు, అంటే రెండు క్వింటాళ్లు, అద్దం ఇంత మందం, సరిపోతుంది అని.

"లెక్క మంచిగ చేసినవ్. అద్దానికి చెప్పినవా?" అన్నాడు. నా మొహం చిన్నబోయిందని మౌనంతోనే తెలుసుకున్నట్టున్నాడు. "నా మాట నమ్మకు. నీళ్లనడుగు. కానీ ఈడనే అడుగు, బడిల కాదు."

వాకిట్లో చదునుగా ఉన్నచోట బల్ల వేయించాడు. బల్ల మీద థర్మకోల్ షీటు, కింద నేల మీద పాత పేపర్లు. మొదటి రోజు పావు వంతు, రెండో రోజు సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజు నిండా. ముందు వైపు ఎవరూ నిలబడొద్దు. తన దుకాణం నాటి నాలుగడుగుల స్టీలు స్కేలు తెచ్చి, ముందు అద్దానికి అడ్డంగా ఆనించడం నేర్పాడు. అద్దం నడుమ ఉబ్బితే స్కేలు చివర్ల దగ్గర సందు వస్తుంది. ఆ సందులో పేపరు పొరలు దూర్చి లెక్కపెట్టమన్నాడు.

"నీళ్లు మోసే అద్దం ఎంతో కొంత వంగుతది. అస్సలు వంగలేదని ఎవరన్న చెప్తే నమ్మకు. ఎంత వంగిందో చూడాలె, నిన్నటికీ ఇయ్యాలకూ పెరిగిందా చూడాలె."

బస్తాలు మోసి మోసి వంగిన మా నాయిన నడుము గుర్తొచ్చింది.

గురువారం రెండు పొరలు దూరాయి. శుక్రవారం పొద్దున నిండా నింపి చూస్తే నాలుగు దూరాయి. ఇక్కడ నా తప్పు రాయాలి. ఆ నాలుగు సంగతి నేను చాచాకు చెప్పలేదు. ఆయన చూడలేడని నాకు తెలుసు. కింద పేపర్లు పొడిగానే ఉన్నాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దాన్ని బడికి తీసుకుపోవడానికి ఆటో మూడింటికి వస్తుంది.

చాచా నమాజు నుంచి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు.

"ఎన్ని పొరలు?"

"కొంచెం పెరిగింది చాచా. ఏం కాదు."

అది మనమందరం రోజుకు పదిసార్లు అనే మాట. బండి మీద ముగ్గురెక్కినా అంటాం, కరెంటు తీగ వేలాడుతున్నా అంటాం. చాచా మొహం మాత్రం మారిపోయింది.

"ఏం కాదని నీకెవరు చెప్పిన్రు? నీళ్లు చెప్పినయా?"

ఆయన ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని గేటుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. ఆటో రానివ్వడని అర్థమైంది.

"ఎన్కట ఒకాయన గిట్లనే పాత టాంకు తెచ్చి అడిగిండు. పండుగ దినం, దుకాణం నిండ మంది. జర తడిమి, ఏం కాదు పో అన్న. ఆయన బిడ్డ దాని ముంగట కూసోని బువ్వ తింటాంటే పలిగింది. పాణం దక్కింది. కాలు మంచిగ కాలే. ఆ పొద్దు సంది నా నోట్ల ఆ మాట రాలే బేటా."

నాకు చాప కనపడింది, దాని మీద ముప్పై మంది పిల్లలు కనపడ్డారు. "నాలుగు పొరలు చాచా. నిన్న రెండే," అన్నాను.

ఆయన లేచాడు. అంతలో బల్ల వెనక వాకిలి ఊడుస్తున్న మా అమ్మ, "ఏందే, నా పసుపు కారుతాంది," అంది.

నాలుగు మూలల్లో మూడు చోట్ల పసుపు ఎండి పెళుసుగా ఉంది. వెనక మూలది మాత్రం తడిసి ముదురు రంగు తేలింది. దాని నుంచి దారమంత పసుపు గీత బల్ల కాలు మీదికి దిగుతోంది. పేపరుదాకా ఇంకా రాలేదు.

"చెల్లే, ఇవతలికి రా. ఉరుకకు. మెల్లగ రా," అన్నాడు చాచా, పడుకున్న పాపను లేపకుండా మాట్లాడినట్టు.

అమ్మ చీపురు పట్టుకునే వచ్చింది. చాచా తడుముకుంటూ పక్క నుంచి పోయి, పైపు ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోటితో పీల్చి మోరీ కాలవలోకి వదిలాడు. నన్ను రానివ్వలేదు. "నువ్వు ఆడనే ఉండి నీళ్లు యాడిదాక దిగినయో చెప్పు," అన్నాడు. నేను చెప్తూ పోయాను. నాలుగు వేళ్లు దిగినయ్ చాచా. జానెడు. సగం. పసుపు గీత వెడల్పవుతోంది.

"ఇగ రా చాచా. దండం పెడ్తా, ఇవతలికి రా."

ఆయన నాలుగడుగులు వేశాడో లేదో, కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడైంది. వెనక మూల విడిపోయి, మిగిలిన నీళ్లన్నీ ఒక్కసారిగా వాకిట్లోకి దూకాయి. మా అమ్మ చెప్పులు గేటు కింది నుంచి గల్లీలోకి కొట్టుకుపోయాయి. అద్దం పగలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మ చీపురుతో ఆ మూలను చూపించి అంది, "సూసినవా అన్నా, నా బొట్టే చెప్పింది."

"చెప్పింది చెల్లే," అన్నాడు చాచా. "నా గోరు కన్న నీ పసుపు నయం."

శనివారం మీటింగులో చేపలు లేవు. హెడ్ సార్ అందరి ముందూ, "మేడమ్ గారి చేపలు ఇంకా చెరువులోనే ఉన్నయంట," అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బరువనిపించలేదు.

ఆ తర్వాత చాచా నాతోనే పని చేయించాడు. పాత గమ్మంతా బ్లేడుతో గీకించి, ప్రతి అంచు మీదా తన వేలు నడిపి, "ఇంక ఉన్నది," అని మళ్లీ గీకించేవాడు. అద్దాలు అతికించి, పైన కొత్త పట్టీ వేయించి, వారం ఆరనిచ్చాక మళ్లీ పావు, సగం, ముప్పావు, నిండా. వారం రోజులు నిండుగా ఉంచినా పేపరు రెండు పొరలు దాటలేదు. అప్పుడైనా ఆయన నోటి నుంచి ఆ మాట వినాలని ఉండింది.

"ఇప్పుడైతే ఏం కాదు కదా చాచా?"

"ఇప్పుడు సూసుకో. రేపు కూడ సూసుకో," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం జనాజా గల్లీ మలుపు తిరిగేదాకా అమ్మా నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. ఆదివారం చాచీని చూడడానికి పోతే, లోపలి నుంచి ఆ స్టీలు స్కేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "గోడకు ఆనిచ్చి పెట్టిండు బేటా. నీదేనట," అంది.

సోమవారం పిల్లలు రాకముందే బడికి పోయాను. క్లాసులో పెట్టిన అక్వేరియం మూలలు బొటనవేలితో తడిమాను. మా అమ్మ పట్టుబట్టి పెట్టిన నాలుగు పసుపు బొట్లూ పొడిగానే ఉన్నాయి. స్కేలు ముందు అద్దానికి ఆనించి, చివరి సందులో పేపరు దూర్చాను. ఒక పొర. రెండు. మూడోది ఆగిపోయింది. అద్దం అవతల, పిల్లలు ఎప్పుడో పేరు పెట్టేసిన ఎర్ర చేప ఒకటి ఆ పేపరు దగ్గరికి వచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ, అక్కడే ఆగింది.